మగ్గం నంబరు లేని మనిషి

ఒకటో మగ్గం చట్రం మీద నాడెతో రెండు దెబ్బలు పడినాయి. టక్కు, టక్కు. పిలుపు లేదు, మాట లేదు. తిమ్మమ్మ సంగటి కెలుకుతున్న తెడ్డును గోడకు ఆనించి, కొంగుకు చేతులు తుడుచుకొని, బుట్టలోంచి నిండు కండెలు దోసెడు ఎత్తుకొని మగ్గాల కొట్టంలోకి పోయింది. గుంటలో కాళ్ళు దించి కూర్చున్న నరసన్న కుడిచేతి పక్కన సత్తుగిన్నె ఉంటుంది. కండెలు అందులో పోసి, కింద రాలిన ఖాళీ పుల్లలు ఏరుకొని, వచ్చిన దారినే వెనక్కి వచ్చింది. మొగుడు తల ఎత్తలేదు. ఎత్తుతాడేమోనని ఆమె చూడనూ లేదు. పెండ్లయి నలభై ఒక్క ఏండ్లు. కండెలు అయిపోతే ఆయన కొట్టేది ఆ రెండు దెబ్బలే.

కండె అంటే మరేం లేదు, అడ్డపోగుకు నూలు చుట్టిన బెత్తెడు పుల్ల. దాన్ని నాడెలో పెట్టి అటూ ఇటూ విసిరితే చీర పెరుగుతుంది. చుట్టేవాళ్ళు రాట్నం ముందర కూర్చుంటేనే నేసేవాళ్ళు మగ్గంలో కూర్చోగలరు. జమ్మలమడుగు పక్కన ఆ మగ్గాల వీధిలో ఏ ఇంటికి పోయినా ఇదే వరస. మగ్గంలో మొగోడు, రాట్నం ముందర ఆడది. అయితే చీర ఎవరు నేసినారంటే మాత్రం ఒక్క పేరే చెప్తారు.

ఈ ఇంట్లో మగ్గాలు రెండు. ఒకటో మగ్గం నరసన్నది, రెండోది కొడుకు ఉమామహేశ్వరది. రెండింటికీ కండెలు చుట్టేది తిమ్మమ్మ, కోడలు రాజేశ్వరి. చుట్టీ చుట్టీ రాజేశ్వరి కుడి మణికట్టు వాచిపోయింది. మొదట్లో ఉమామహేశ్వర నమ్మలేదు. "నేను దినానికి వెయ్యి సార్లు నాడె ఇసురుతాండా, నాకు లేని నొప్పి నీకెట్ల వచ్చినాది?" అన్నాడు. గరిటె పట్టుకోలేని దాకా వచ్చినాక ప్రొద్దుటూరు తీసుకొని పోయినాడు. డాక్టరు పట్టీ కట్టి, ఆరు నెలలు రాట్నం తిప్పొద్దన్నాడు.

ఆ మాపు అన్నాల కాడ తేల్చేసినారు. "శశికి ఐదు సెమిస్టర్లు అయిపోయినాయి కదా, ఇంక సాలు. ఇంటి కాడ ఉంటే కండెలన్నా అయితాయి," అన్నాడు ఉమామహేశ్వర. శశికళ అతని కూతురు, ప్రొద్దుటూరులో బీబీఏ చదువుతోంది. "ఆడపిల్లకు ఐదైతే ఏంది, ఆరైతే ఏంది," అన్నాడు నరసన్న. ఇద్దరూ తిమ్మమ్మ దిక్కు చూసినారు. ఆ ఇంట్లో అదొక పద్ధతి. మాట మొగోళ్ళది, దానికి ముద్ర మాత్రం ముసలామెది. తిమ్మమ్మ మజ్జిగ పోస్తా, "నిజమే. కండెలు ఎవరు చుడతారు మరి?" అనేసింది. అనేసినాక చూసింది మనవరాలి మొగం. పిల్ల ఏడ్వలేదు. తట్టలో సంగటి ముద్దను వేలితో అటూ ఇటూ జరిపి, లేచి చెయ్యి కడుక్కుంది.

మిగిలింది ఆరో సెమిస్టరు ఒక్కటే. ముందర ఒక ప్రాజెక్టు రాసియ్యాల. అది బాగుంటే కడపలో ఒక ఆఫీసులో మూడు నెలలు పని నేర్పుతారు. ఆ మూడు నెలలు పోకపోతే మూడేండ్ల చదువుకూ పట్టా రాదు. "ప్రాజెక్టు ఇచ్చేదాకా పోనీలే, ఇంక పది దినాలే కదా," అన్నాడు ఉమామహేశ్వర, శానా దయ చూపించినట్టు.

తిమ్మమ్మ చదివింది మూడో తరగతి. అది గూడా పూర్తిగా కాదు. పలక మీద గుణింతాలు దిద్దుతుంటే వాళ్ళమ్మ వచ్చి, "ఇంక రా, మీ నాయనకు కండెలు లేవు," అని బడిలోంచి చెయ్యి పట్టుకొని తీసుకొచ్చింది. ఆ దినం పంతులు బోర్డు మీద రాస్తున్న పదం 'కౌ' తో మొదలైంది. రెండో అక్షరం పడకముందే ఆమె గడప దాటేసింది. కౌజు పిట్టో, కౌలుగుత్తో, ఇంకేమన్నానో! యాభై ఏండ్లయినా ఆ పదం ఏదై ఉంటుందా అని అప్పుడప్పుడు తలపుకొస్తుంది. ఇంత తెలిసీ ఆ మాపు 'నిజమే' ఎట్ల అన్నానా అని ఆమెకే తెలియలేదు. నోటి చివరన తయారుగా ఉన్న మాట అది. ఎవరో అక్కడ పెట్టి పోయినట్టు ఉంది.

మరుసటి దినం సాయంత్రం శశికళ బస్సు దిగి వచ్చి, సంచి కింద పెట్టి, నట్టింట్లో కూలబడింది. చేతిలో ఒక కాయితం.

"ఏమైంది బిడ్డా?"

"మేడం తిప్పి కొట్టినాదవ్వా."

ప్రసన్నకుమారి మేడం ఆ పిల్లకు కంప్యూటరు పాఠం చెప్పే ఆమె. ఏదో ఒక యాపారం ఎంచుకొని, అది ఎట్ల నడుస్తుందో గీసుకొని రమ్మంది. శశికళ తమ ఇంటి మగ్గాలనే ఎంచుకుంది. తాతను అడిగితే ఆయన మగ్గం దిగకుండానే, రేడియోలో వార్తలు చదివినట్టు, ఐదు ముక్కలు చెప్పినాడు: నూలు వచ్చును, పడుగు అగును, మగ్గము ఎక్కును, నేయబడును, అంగడికి పోవును. పిల్ల ఐదు డబ్బాలు గీసి, మధ్యలో బాణాలు పెట్టి ఇచ్చింది.

"మేడం అందరి ముందర ఏమన్నిందో తెలుసా? 'నూలు తానే నడుచుకుంటా వచ్చి మగ్గం ఎక్కుతుందా శశికళా? మధ్యలో మనుషులు లేరా?' అన్నింది. క్లాసంతా నగినారు."

కొట్టంలోంచి నరసన్న గొంతు వినిపించింది. "ఆయమ్మకు మగ్గం తెలుసా, మన్నా? ఎనిమిదో తరగతి పాసైనోణ్ణి, నేను చెప్తే తప్పయితాదా?"

తిమ్మమ్మకు మాత్రం ఆ మేడం ఎవరో గానీ తెలివైన మనిషి అనిపించింది. కాయితం ముందర చతికిలబడి ఐదు డబ్బాలను వేలితో తడిమి చూసింది. "శశీ, నాకొకటి తెలీక అడుగుతాండా. బీబీఏ అంటే యాపారం చదువంటివి. యాపారం చదువులోకి కంప్యూటరు ఎందుకొచ్చినాది?"

ఇన్నాళ్ళకు ఆ ఇంట్లో ఎవరన్నా అడిగినారు ఆ మాట! పిల్ల మొగం రవంత తేరుకుంది. "అంగడైనా, ఫ్యాక్టరీ అయినా, యాడేం జరుగుతాండాదో తెలిస్తేనే కదవ్వా నడిపేది. ఎవరికి ఏం తెలుసు, ఆ తెలిసింది ఎవరి కాడికి పోతాది, ఎట్ల పోతాది, యాడ ఆగిపోతాది. అది కనుక్కొని కంప్యూటర్లో కుదిర్చేదే మా చదువు."

"ఎవరికి ఏం తెలుసు అనేది గూడా ఒక చదువేనా?"

"అదే అసలు చదువు."

తిమ్మమ్మ ఆ మాటను కొత్త అంచు నమూనాను తిప్పి చూసినట్టు లోపల్లోపల తిప్పి చూసుకుంది. ఎవరికి ఏం తెలుసు. ఆమెకు ఏం తెలుసో ఈ ఇంట్లో ఎవరూ అడగలేదు. "నీకేం తెలుసు, గమ్మునుండు" అన్నవాళ్ళే అందరూ. మామ అన్నాడు, మొగుడు అన్నాడు, మీసాలు మొలిచినాక కొడుకు గూడా అన్నాడు. ఆ మాట అంటా అంటానే, 'మే, ఆ పచ్చంచుకు పక్కకు ఎన్ని పోగులు?' అని కొట్టంలోంచి అరిచేవాళ్ళు. చెప్పేది. ఎన్నడూ తప్పలేదు.

"అయితే నన్నడుగు," అంది. "నూలు రాంగానే ఏమైతాదో నేను చెప్తా."

ఆ దినం మొదలుపెట్టి నాలుగు సాయంత్రాలు అవ్వా మనవరాలు నట్టింట్లో కూర్చున్నారు. తిమ్మమ్మ చెయ్యి రాట్నం తిప్పుతూనే ఉంది, నోరు చెప్తూనే ఉంది. పిల్ల మొదట కాయితం మీద గీసుకొని, తర్వాత స్నేహితురాలి దగ్గర రెండు వారాలకని తెచ్చుకున్న ల్యాప్‌టాప్‌లో ఎక్కిస్తోంది. రాజేశ్వరి పట్టీ కట్టిన చెయ్యి ఒళ్ళో పెట్టుకొని పక్కన చేరింది.

"నూలు వస్తానే ఏం చేస్తావవ్వా?"

"ఏం చేస్తా, విప్పి చూస్తా."

"ఏం చూస్తావు?"

"పోగు నులి సరిగా ఉండాదా, మధ్యలో ముళ్ళు పడినాయా, జిడ్డుండాదా అని. వేళ్ళ మధ్యన లాగితే తెలుస్తాది."

"తాత చూడడా?"

"ఆయనెందుకు చూస్తాడు! ఆయన కాడికి పోయేటప్పటికి అది మంచి నూలే కదా."

"బాగాలేదనుకో?"

"యెనక్కి పంపుతా."

పిల్ల పెన్సిలు ఆపింది. "అంటే తీర్పు చెప్పేది నువ్వు. తీర్పు చెప్పే చోటికి మాకు వేరే గుర్తు ఉండాదవ్వా. ఉత్త డబ్బా కాదు, మూల మీద నిలబెట్టిన డబ్బా, ఇట్ల." వజ్రం మాదిరి ఒకటి గీసి, పక్కన 'అవ్వ' అని రాసింది.

తిమ్మమ్మ రాట్నం ఆపి చూసింది. "చూసేది గూడా పనేనా?"

"పని కాదా మరి?"

ఇంక చూడండి, ఒకదాని వెనక ఒకటి వచ్చినాయి. నూలు నానబెట్టేది, తొక్కేది, ఉతికేది. గంజి కాచేది, గంజి పల్చనైందా చిక్కనైందా అని చిటికెన వేలితో చూసేది, ఎండకాలం ఒక తీరు, ముసురుకు ఒక తీరు. ఆరేసేది, విదిలించేది, చుట్టేది. రాజేశ్వరి అందుకుంది: "రెండో మగ్గం పన్నె దువ్వెనలో ఎడమ పక్క ఒక పంటి కాడ పోగు తెగుతాంటాది. మీ నాయనకు తెలీదు. పొద్దున్నే నేనే ఆడ రవంత మైనం రాస్తా." శశికళ నోరు తెరుచుకొని చూసింది. "నాయన ఎప్పుడూ అంటాడే, నా మగ్గంలో పోగు తెగదని!" రాజేశ్వరి నగింది. ఆమె నగిన సడి ఆ ఇంట్లో వినబడి శానా దినాలైంది.

మూడో దినానికి ఐదు డబ్బాలు పోయి ఇరవై మూడు పనులు తేలినాయి. అందులో తీర్పు గుర్తులు తొమ్మిది. ఏడు తిమ్మమ్మవి, ఒకటి రాజేశ్వరిది. నరసన్నకు ఒకటి దక్కింది, చీర ఎప్పుడు కోయాలనేది.

"సరే, తాతకు కండెలు కావాలంటే నీకెట్ల తెలుస్తాది?"

"రెండు దెబ్బలు కొడతాడు కదా."

పిల్ల ఒక బాణం గీసి 'రెండు దెబ్బలు' అని రాసింది. తిమ్మమ్మ ఆ బాణాన్ని చూస్తా చూస్తా, "అసలుకైతే దెబ్బలు అక్కరలేదు," అంది.

"అంటే?"

"కండె అయిపోవస్తే నాడె తేలికైతాది. సడి మారుతాది. అప్పుడే నాకు తెలుస్తాది, గిన్నెలో ఇంక రెండే ఉండాయని. ఈడ పొయ్యి కాడున్నా తెలుస్తాది."

"అయితే ఆయన కొట్టకముందే తీసుకొని పోతావా?"

ఆ సంగతి తిమ్మమ్మ చెప్పాలంటే పదహారేండ్ల పెండ్లికూతురు దాకా వెనక్కి పోవాల. కాపురానికి వచ్చిన రెండో నెలలో, సడి పట్టుకోవడం తెలిసిన సంబరంలో, అడగకముందే కండెలు తీసుకొని పోయి గిన్నెలో పోసింది. మెచ్చుకుంటాడనుకుంది. నరసన్న నాడె ఆపి, "నేను అడిగినానా? నా మగ్గం సంగతి నాకంటే నీకు ముందర తెలిసిందా?" అన్నాడు. గుంట పక్కనే వాళ్ళత్త నిలబడి ఉంది. "కొత్త కదరా, నేర్చుకుంటాదిలే," అంది. ఆ దినం నేర్చుకుంది. తెలిసినా తెలియనట్టు ఉండేది నేర్చుకుంది.

"పోను," అంది తిమ్మమ్మ. "కండెలు చేతిలో పెట్టుకొని తలుపు యెనకాల నిలబడుకుంటా. కొట్టినాక లోపలికి పోతా."

"నలభై ఒక్క ఏండ్లా?"

"ఊరకే రవంతసేపే బిడ్డా. వంద లెక్కబెట్టినంత."

శశికళ కాయితం దగ్గరికి లాక్కుంది. తర్వాత ఆ బాణం మధ్యలో చిన్న డబ్బా పెట్టి, 'నిలబడడం' అని రాసింది. మేడం నేర్పిందట, పనిలో ఎవరన్నా ఊరికే ఎదురు చూస్తుంటే అది గూడా గీయాలని. యాడ ఎదురుచూపు ఉందో ఆడ ఏదో సరిగ్గా లేదని అర్థమట. తిమ్మమ్మ ఆ చిన్న డబ్బాను శానాసేపు చూసింది. తలుపు వెనక చీకటి, గోడకు తన భుజం రాసుకొని నున్నబడిన చోటు, అన్నీ ఆ డబ్బాలో పట్టినట్టే ఉంది.

ఇంకొక సంగతి గూడా అప్పుడే బయటపడింది. మగ్గం మీద నిలువు పోగుల పడుగు అయిపోయినప్పుడు, పాత పోగుల కొసలకు కొత్త పోగులు ఒక్కొక్కటే అతకాల. వేళ్ళకు బూడిద రాసుకొని, పోగు మీద పోగు పెట్టి మెలేసేది. వేలకు వేల పోగులు. అది ఆడవాళ్ళ పని, రెండు దినాలు పడుతుంది. "ఆ రెండు దినాలు తాతా నాయనా ఏం చేస్తారు?" అని అడిగింది పిల్ల. తిమ్మమ్మ, రాజేశ్వరి ఒకరి మొగం ఒకరు చూసుకున్నారు. "ఏం చేస్తారు, సోమక్క కొట్టు కాడ టీ తాగుతారు," అంది రాజేశ్వరి. "మరి రాట్నం తిప్పొచ్చు కదా?" అంది పిల్ల. ఎవరో గుళ్ళోకి చెప్పులతో వచ్చినట్టు తిమ్మమ్మ ఉలిక్కిపడింది. మొగోడు రాట్నం ముట్టుకుంటే మగ్గం అలుగుతుందని వాళ్ళత్త చెప్పేది. "అలిగిందా ఎప్పుడన్నా?" అడిగింది శశికళ. తిమ్మమ్మ ఆలోచించింది. ముట్టుకుంటే కదా, అలిగేదో లేదో తెలిసేది!

"సరే, ఆడోళ్ళు మగ్గం ఎక్కితేనో?"

ఈ మాట రాజేశ్వరికి గూడా తెలియదు. తిమ్మమ్మ గొంతు తగ్గించి చెప్పింది. ఉమామహేశ్వరకు మూడేండ్లప్పుడు నరసన్న సైకిలు మీద నుంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. పదకొండు నెలలు మంచం దిగలేదు. వీధి తలుపు మూసి, ఆమే గుంటలో కాళ్ళు దించింది. పొద్దున కండెలు చుట్టుకునేది, పైటాల నేసేది. చీరలు కొనే సేటు వచ్చి, మంచం పక్కన కూర్చొని, ఒక చీరను వెలుతురుకు పట్టి చూసి, "ఏమప్పా నరసన్నా, కాలు విరిగినాక నీ చెయ్యి శానా తేలింది!" అన్నాడు. నరసన్న నగినాడు. "పడుకోని ఏం చేసేది, రవంత రవంత నేస్తాండా," అన్నాడు. తిమ్మమ్మ చేతిలో సేటుకు తెచ్చిన మంచినీళ్ళ చెంబు ఉంది. అది అందించి లోపలికి పోయింది. పోయి ఏడ్చిందా అంటే, లేదు. ఆ చీర ఎవరు కట్టుకుంటారో, వాళ్ళకు ఎప్పుడన్నా తెలుస్తుందా అని ఆలోచించింది. ఆమె గుణమే అంత. దుఃఖం రావాల్సిన చోట ముందర ప్రశ్న వస్తుంది.

నాలుగో సాయంత్రం మనుషులను కంప్యూటర్లో ఎక్కించే పని పెట్టుకుంది శశికళ. గడులు గడులుగా ఒక పట్టిక. 'ఇప్పుడు చూడవ్వా' అని వేళ్ళతో టకటకా కొట్టింది. తాత పేరు, నాయన పేరు చక్కగా పోయి కూర్చున్నాయి. తిమ్మమ్మ పేరు కొట్టి నొక్కింది. ఎర్ర అక్షరాలు వచ్చినాయి. మళ్ళా కొట్టింది, మళ్ళా ఎర్రగా వచ్చినాయి. రాజేశ్వరి పేరుకూ అంతే.

"ఏమంటాండాది బిడ్డా?"

"మగ్గం నంబరు లేకుంటే మనిషిని తీసుకోనంటాండాదవ్వా."

ఆ వీధిలో మనుషులను పిలిచేదే మగ్గంతో. ఒకటో మగ్గమాయన, రెండో మగ్గం అబ్బాయి. అలవాటు కొద్దీ పిల్ల ప్రతి మనిషికీ వాళ్ళ మగ్గం నంబరునే గుర్తుగా పెట్టింది. గుర్తు లేనివాళ్ళకు చోటు లేదు. ఇరవై మూడు పనుల్లో పదిహేడు చేసే ఇద్దరు ఆడవాళ్ళు గడప బయటే నిలబడిపోయినారు.

తిమ్మమ్మకు కోపం రాలేదు. ముందుకు వంగి ఆ ఎర్ర అక్షరాలను కళ్ళు చికిలించి చూసింది. "దానికి ఆ మాట ఎవరు నేర్పినారు?"

శశికళ చేతులు వెనక్కి తీసుకుంది. "ఎవరో కాదవ్వా. నేనే."

"నువ్వా?"

"దానికి సొంతంగా ఏమీ తెలీదు. మనం ఏం చెప్తే అదే నమ్ముతాది. అదే మళ్ళా మనకు చెప్తాది." పిల్ల పెదవి కొరుక్కుంది. "మార్చొచ్చు. ఎంతసేపు కాదు. మనిషికి మనిషి నంబరు, మగ్గానికి మగ్గం నంబరు."

మార్చింది. ఈసారి తిమ్మమ్మ పేరు ఎర్రగా రాకుండా లోపలికి పోయింది. రాజేశ్వరి, "నాది గూడా, నాది గూడా," అని చిన్నపిల్ల మాదిరి ముందుకు జరిగింది.

ఆ మరుసటి దినమంతా తిమ్మమ్మ రాట్నం ముందర కూర్చొని ఒక్క మాటే నెమరేసింది. మనం ఏం చెప్తే అదే నమ్ముతాది, అదే మళ్ళా మనకు చెప్తాది. అన్నాల కాడ తన నోట్లోంచి జారిన ఆ 'నిజమే' యాడిది? వాళ్ళమ్మ బడి గడపలో నిలబడి చెప్పింది, వాళ్ళత్త గుంట పక్కన నిలబడి చెప్పింది. వాళ్ళకు ఎవరో చెప్పినారు. తానూ దాన్నే తీసి శశికళ తట్ట పక్కన పెట్టింది, మజ్జిగ పోసినంత తేలిగ్గా. కంప్యూటరుదైనా నయం, అడ్డం పడినప్పుడు ఎర్రగా కనిపిస్తుంది. మనిషి నోట్లో అయితే ఏ రంగూ ఉండదు. సరే, పిల్ల దిద్దుకుంది. ఇరవై ఏండ్ల పిల్ల, అమ్మా అవ్వా ఎదురుగా ఉన్నా 'నేనే' అని ఒప్పుకొని దిద్దుకుంది. యాభై ఏడేండ్ల మనిషి దిద్దుకుంటే ఎట్లుంటుంది? ఏమైతుంది? ఆ ఆలోచన వచ్చేటప్పటికి, భయం కంటే ముందు, అది ఎట్లుంటుందో చూడాలన్న ఆశ పుట్టింది ఆమెకు.

శనివారం పైటాల శశికళ ప్రొద్దుటూరు నుంచి వచ్చింది. అందరూ అన్నాలకు కూర్చున్నారు. మేడం సంతకం పెట్టిన ప్రాజెక్టు పుస్తకం, ఇంటికని తెచ్చిన ఒక ప్రతి, కడప ఆఫీసు వాళ్ళ ఉత్తరం, మూడూ సంచిలోంచి తీసింది. సోమవారం పొద్దున చేరాలట. నిలబడే ఉంది, ఎవరి దిక్కూ చూడలేదు.

ఉమామహేశ్వర ముద్ద కలుపుతా, "ప్రాజెక్టు ఇచ్చేదాకానే అంటిమి కదా," అన్నాడు.

"అయినా ఒంటరి ఆడపిల్ల, కడపలో యాడుంటాది?" అన్నాడు నరసన్న.

"మా గురమ్మ ఇంట్లో," అంది తిమ్మమ్మ. గురమ్మ ఆమె చెల్లెలు. "మిద్దె మీద గది ఊరకే ఉండాదంట. పొద్దున ఫోన్లో మాట్లాడినా. ఒంటరిగా ఎందుకు, నేను తోడు పోతాండా."

ఉమామహేశ్వర ముద్ద నోటి కాడ ఆగింది. "అప్పుడు నువ్వే కదమ్మా నిజమే అంటివి?"

"అంటి. తప్పంటి."

ఆ ఇంట్లో పెద్దవాళ్ళ నోట ఆ రెండు మాటలు పక్కపక్కన ఎవరూ విన్నది లేదు. నరసన్న తినేది గూడా మరిచి భార్య దిక్కు చూసినాడు. "తోడు పోతావా? మూణ్ణెల్లా?"

"మూణ్ణెల్లే. ఆ ఆఫీసులో వీళ్ళు ఏం చేస్తారో నాకూ చూడాలనుండాది."

"నువ్వు పోతే ఈడ ఎట్లమే?"

ఉమామహేశ్వర చూపు అలవాటుగా పెండ్లాం చేతి మీదికి పోయింది. రాజేశ్వరి పట్టీ చెయ్యి ఎత్తి చూపించి, "దీని దిక్కు చూడాకు," అంది. "నా నోరు బాగుండాది. ఆ పుస్తకం చదివి వినిపించమంటే వినిపిస్తా."

అత్త కసురుకుంటుందేమోనని మొగోళ్ళిద్దరూ ఆగి చూసినారు. తిమ్మమ్మ కసురుకోలేదు. పిల్ల చేతిలోంచి ఇంటి ప్రతి తీసుకొని, నరసన్న ముందర నేల మీద పెట్టింది.

"ఇరవై మూడు పనులు. ఒకదాని కింద ఒకటి వరసగా రాసినాది బిడ్డ. నాకైతే చదువు రాదు గానీ మీ ఇద్దరికీ వచ్చు కదా. చూసుకోని చేసుకోండి."

నరసన్న ఎడమచేత్తో కాయితం ఎత్తి, దూరంగా పట్టుకొని, పెదవులు కదిలిస్తా మొదటి గీత చదివినాడు. 'నూలు నానబెట్టడం.' మళ్ళా ఒకసారి చదివినాడు. పడుగు మీద యాభై ఏండ్లు చెయ్యి ఆడించిన మనిషి, తల ఎత్తి, మెల్లగా అడిగినాడు:

"ఎన్ని దినాలు నానల్ల?"

తిమ్మమ్మకు సమాధానం నాలుక మీదనే ఉంది. మింగేసింది.

"ఆ కిందనే రాసిండాది. చదువు."